పార్శిల్‌లో వచ్చిన గుడ్లను ఇంట్లో పొదిగించాలంటే

ఇంట్లో పొదుగుకు కూర్చున్న అసిల్ (పందెం కోడి జాతి) పెట్ట ఉంటే మీకు ఈ తిప్పలేవీ అక్కర్లేదు. తెప్పించిన గుడ్లను రాత్రిపూట దాని కింద పెట్టేయండి. అది లేనివారికీ, కడక్‌నాథ్ అనే నల్లకోళ్లు పెంచేవారికీ మాత్రం పొదిగే యంత్రమే (ఇంక్యుబేటర్) గతి. కడక్‌నాథ్ పెట్టలు గుడ్లు పెడతాయి కానీ పొదగడానికి బద్ధకిస్తాయి.

ప్రయాణం చేసిన గుడ్లలో సగం పిల్లలైతే బాగా లేచినట్టే. పది పిల్లలు కావాలంటే ఇరవై గుడ్లకు డబ్బు పెట్టండి. నేను నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే తెప్పిస్తాను. ఎండాకాలం బస్సు డిక్కీ వేడికి పిండం ఎదుగుదల మొదలై మధ్యలో చచ్చిపోతుంది. గుడ్డు పెట్టిన తేదీ అడగండి. వారం దాటినవి వద్దు.

వచ్చిన గుడ్లను కడగకండి. చీకట్లో ఫోను టార్చిని లావు కొనకు ఆనించి, అక్కడ పెంకు లోపల ఉండే గాలి గదిని చూడండి. దారి కుదుపులకు అది ఊడితే, గుడ్డును వంచినప్పుడల్లా తాపీమేస్త్రి రసమట్టంలో బుడగలా జారుతుంది. అలాంటివాటినీ పారేయకండి. సన్న కొన కిందికి వచ్చేలా అట్ట ట్రేలో నిలబెట్టి, చల్లటి గదిలో ఒక రోజంతా కదపకుండా ఉంచండి. అసలు మందు ఈ విశ్రాంతే.

ఈలోగా యంత్రాన్ని ఖాళీగా నడపండి. ఫ్యాను ఉంటే 37.5 డిగ్రీలు. ఫ్యాను లేని థర్మోకోల్ పెట్టెలో గుడ్ల పైభాగం ఎత్తున 38.5 దాకా ఉండాలి. యంత్రం మీది అంకెను నేను నమ్మను, జ్వరం చూసే థర్మామీటరు లోపల పెట్టి సరిపోల్చుకుంటాను. తేమ మీటరుకూ పరీక్ష ఉంది. సీసా మూతలో ఉప్పును తడిముద్ద చేసి, మీటరుతో కలిపి గాలి చొరని డబ్బాలో పగలంతా ఉంచితే 75 శాతం చూపాలి. తేడా ఎంతుంటే అంత లెక్కలో సర్దుకోండి.

మామూలు గుడ్లను మొదటి నుంచీ తిప్పుతారు. వీటిని మాత్రం యంత్రంలో పెట్టాక మూడు రోజులు ముట్టుకోవద్దు. ఆ తర్వాత ట్రే కింద చెక్కముక్క పెట్టి, ఒకసారి ఇటూ ఒకసారి అటూ వాల్చండి. రోజుకు మూడుసార్లో అయిదుసార్లో వాలిస్తే, రాత్రంతా ఒకే వైపు ఉండిపోయే బెడద తప్పుతుంది.

యంత్రంలో తేమ 45 నుంచి 50 శాతం ఉండాలి. వానాకాలం కోస్తాలో నీళ్లు పోయకుండానే అంత ఉంటుంది. వంటింటి త్రాసు ఇంకా నమ్మకం: 50 గ్రాముల గుడ్డు 18వ రోజుకు 44 గ్రాములకు దగ్గరగా రావాలి. బరువు తగ్గకపోతే నీళ్లు ఆపండి.

ఏడో రోజు టార్చి వెలుగులో రక్తనాళాలు కనిపించనివీ, రక్తపు వలయం కట్టినవీ తీసేయండి. మురిగి పగిలితే మిగతావాటికి చేటు. కరెంటు పోతే మూత తెరవకుండా, గాలి రంధ్రాలు వదిలి దుప్పటి కప్పండి. రెండు గంటల చల్లదనాన్ని పిండం తట్టుకుంటుంది. 40 దాటిన వేడికి తాళలేదు.

18వ రోజున వాల్చడం ఆపి తేమను 65 శాతానికి పెంచండి. గాలి గది జారే గుడ్లను పడుకోబెట్టకండి, నిలబడే పిల్లవుతాయి. పిల్ల ముక్కుతో పెంకు పొడిచాక బయటపడడానికి ఒక రోజు దాకా పట్టవచ్చు. పెంకు వలిచిపెట్టమని మా అత్తగారు ప్రతిసారీ పోరుపెడతారు. వలిస్తే ఇంకా ఎండని రక్తనాళాలు తెగుతాయి. కడుపులోకి చేరిన సొన బలంతో పిల్ల రెండు రోజులు మేత లేకుండా ఉండగలదు, కాబట్టి ఒళ్లు ఆరేదాకా మూత తీయకండి. తర్వాత 35 డిగ్రీల బ్రూడర్‌లోకి (పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెలోకి) మార్చి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించండి.