బడి మూసేలోపే చూసుకోండి (మన స్పెషల్ పిల్లల కోసం)

జ్వరాలు పెరుగుతున్నాయి, బడులకు సెలవులిస్తారంటున్నారు.

ఫిట్స్ మందు నెలకు సరిపడా ఉందా? ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ తిరగబెట్టొచ్చు. 2020 లాక్‌డౌన్‌లో మావాడి సిరప్ కోసం నాలుగు షాపులు తిరిగాను, డాక్టర్ చీటీ ఫోటో ఫోన్లో ఉండబట్టి చివరికి ఇచ్చారు.

మీకే జ్వరమొస్తే పిల్లాణ్ణి చూసేదెవరు? ఆ చూసేవాళ్లకోసం కాగితం మీద రాసిపెట్టండి: మందు టైము, భయపడితే ఎలా ఊరుకుంటాడు, ఇలాంటివన్నీ (మావాడు నీలం గ్లాసులో తప్ప నీళ్లు తాగడు, అది కూడా రాశాను).

మాస్క్ ఇప్పటినుంచే రెండేసి నిమిషాలు అలవాటు చేయండి, ఆటిజం ఉంటే కొందరికి చెవి దగ్గర ఎలాస్టిక్ తగిలినా చిరాకే. తనంతట తాను తీసేసుకోలేని పిల్లలకు పెట్టకండి, ఊపిరాడకపోవచ్చు.

భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) టీచర్ నంబర్ తీసుకోండి. ఆన్‌లైన్ క్లాసులో చాలామంది కూర్చోరు, ఇంట్లో ఏం చేయించాలో ఆమే చెప్పాలి.