కాల్షియం 11 దాటింది: తప్పు మాత్రదా, గ్రంథిదా?

ఎంత నీళ్లు తాగినా దాహం తీరదు. రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవాలి. మలబద్ధకం, నిస్సత్తువ, ఎముకల నొప్పులు. వయసు మీద పడిందనుకుని ఊరుకుంటాం. కొందరికి ఇవేవీ ఉండవు. మామూలు రక్తపరీక్షలోనే కాల్షియం 11.2 అని వస్తుంది. సాధారణంగా అది డెసిలీటరు రక్తానికి 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి.

ముందు పరీక్ష మళ్లీ చేయించండి, రక్తంలోని ముఖ్య ప్రోటీన్ అల్బుమిన్‌తో కలిపి. రక్తంలోని కాల్షియంలో దాదాపు సగం ప్రోటీన్లను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి అల్బుమిన్ మారితే ఈ అంకె కూడా మారుతుంది.

మందుల డబ్బా బోర్లించండి

మా పెద్దమ్మ డబ్బాలో విటమిన్ డి సాచెట్లు దొరికాయి, ఒక్కొక్కటి 60,000 యూనిట్లు. వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు వాడమని చీటీలో ఉంది. ఆవిడ రోజూ రాత్రి పాలలో కలుపుకుని తాగేసింది. దానికి తోడు మోకాళ్ల డాక్టరు రాసిన కాల్షియం మాత్ర, గ్యాస్‌కు చప్పరించే బిళ్లలు. ఆ బిళ్లల్లో చాలావాటిలో ఉండేది కూడా కాల్షియం కార్బొనేటే. థయజైడ్ రకం బీపీ మాత్రలు, లిథియం కూడా కాల్షియాన్ని పెంచుతాయి. వాటిని మాత్రం డాక్టరును అడగకుండా ఆపకూడదు.

సాచెట్లు ఆపగానే తగ్గిపోతుందనుకోవద్దు. విటమిన్ డి కొవ్వులో నిల్వ ఉంటుంది, దిగడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

తేల్చేది పీటీహెచ్

రక్తంలో కాల్షియాన్ని పెంచే హార్మోను పీటీహెచ్; దాన్ని వదిలేవి మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు. కాల్షియం పెరిగితే అవి పని తగ్గించుకోవాలి. పీటీహెచ్ బాగా అణిగి ఉంటే గ్రంథుల తప్పు లేదు; సప్లిమెంట్లను, అవి కాకపోతే క్యాన్సర్ వంటి ఇతర కారణాలను చూడాలి. పీటీహెచ్ ఎక్కువగా ఉంటే గ్రంథినే అనుమానించాలి. చాలామంది తడబడేది మూడో సందర్భంలో: కాల్షియం ఎక్కువ, పీటీహెచ్ మాత్రం ‘నార్మల్’. అది నార్మల్ కాదు. ఆ సమయంలో అణగాల్సిన హార్మోను అణగలేదంటే గ్రంథి మాట వినడం లేదనే అర్థం.

జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే ల్యాబులో చెప్పండి. కొన్ని పరీక్షా పద్ధతుల్లో అది పీటీహెచ్‌ను ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది; అప్పుడు నింద అన్యాయంగా సాచెట్ల మీద పడుతుంది.

రెండు కారణాలూ ఒకే మనిషిలో ఉండవచ్చు. మాత్రలు ఆపాక 11.8 నుంచి 10.9కి దిగితే సంబరపడి వదిలేస్తారు. మెడలో కణితి అలాగే ఉంటుంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ చూపించుకోవాలి.

గ్రంథిదే అయితే

బియ్యపు గింజంత ఉండే నాలుగు గ్రంథుల్లో సాధారణంగా ఒక్కదానిలోనే కణితి ఉంటుంది, అదీ ఎక్కువగా క్యాన్సర్ కానిదే. ఆపరేషన్‌కు ముందు 24 గంటల మూత్రంలో కాల్షియం చూడాలి. అది బాగా తక్కువగా ఉంటే వంశపారంపర్యంగా వచ్చే ఒక స్థితి కావచ్చు, దానికి ఆపరేషన్ సాయపడదు. కిడ్నీ రాళ్లు, ఎముకల గుల్లతనం ఉన్నా, వయసు 50 లోపైనా ఆపరేషన్ వైపే మొగ్గు. ఈలోగా పాలు, పెరుగు మానేయనక్కర్లేదు. నీళ్లు బాగా తాగాలి.

మగత, మాట తడబాటు, ఆగని వాంతులు ఉన్నా, అంకె 14కు చేరినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. సెలైన్ ఎక్కించాలి.

కణితి తీశాక పెదవుల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి వస్తే కాల్షియం పడిపోయిందేమోనని వెంటనే చెప్పాలి. నిన్నటిదాకా ఆపమన్న కాల్షియం మాత్రలనే కొన్నాళ్లు వేసుకోమంటారు.