తొలకరిలో మాక్రో ఫోటోలు: ముందు మోకాలు ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి

పొలం గట్టున ఒక జిల్లేడు మొక్క దొరికితే చాలు, నాకు పొద్దంతా అక్కడే గడిచిపోతుంది. లేత కొమ్మ నిండా పసుపుపచ్చ పేనుబంక (మొక్క రసం పీల్చే చిన్న పురుగులు), దాని చుట్టూ చీమల కాపలా. చీమ మీసాలతో తడితే పేనుబంక వెనక నుంచి చిన్న తియ్యటి బొట్టు వదులుతుంది, చీమ తాగేస్తుంది. అక్షింతల పురుగు పేనుబంకను తినడానికి వస్తే చీమలు తరుముతాయి. ఈ ముగ్గురూ ఒకే ఫ్రేములో పడాలని మన ఆశ. చిన్నవాటిని దగ్గర్నుంచి తీసే 100 ఎంఎం మాక్రో లెన్సుతో 1:1లో, అంటే పురుగు ఉన్నంత సైజులోనే కెమెరా సెన్సార్ మీద పడేలా తీయాలంటే లెన్సుకీ పురుగుకీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు, మొహం కొమ్మల్లోనే ఉంటుంది.

అందుకే అడ్డొచ్చిన ఆకును తుంచకండి, బట్టల క్లిప్పుతో పక్కకు పట్టించండి. జిల్లేడు పాలు కంట్లో పడితే ఒక్కోసారి నొప్పే ఉండదు, అదే మోసం. తర్వాత చూపు మసకబారుతుంది. పాలంటిన చేత్తో కళ్లు నలుపుకున్నా అంతే. పావుగంట సేపు ధారగా నీళ్లతో కడిగి, నొప్పి లేకపోయినా కంటి డాక్టర్‌కి చూపించుకోవాలి.

కన్ను వ్యూఫైండర్‌కి ఆనించాక కాళ్ల దగ్గర ఏముందో మనకు తెలీదు. రక్తపింజరి చాలాసార్లు అడుగుల చప్పుడుకు తప్పుకోదు, గడ్డిలో అలాగే పడుంటుంది. బూట్లు వేసుకోండి, కూర్చునే చోట ముందు కర్రతో తట్టి చూడండి. కాటు పడితే కట్టు బిగించడాలూ కోయడాలూ వద్దు. కాలు కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

వాన పడ్డ మర్నాడు ఇసుక నేల మీద ఆరుద్ర పురుగులు కనిపిస్తే నేను కూడా బోర్లా పడుకుంటాను. (ఎనిమిది కాళ్లుంటాయి కాబట్టి లెక్కకు అది పురుగు కాదు, సాలీడుకు చుట్టం.) పాపం, అది మనల్ని ఏమీ చేయదు. కానీ దాని దూరపు బంధువొకటి, కంటికి కనపడనంత చిన్నది, పొదల్లో కుట్టి స్క్రబ్ టైఫస్ అనే జ్వరాన్ని అంటిస్తుంది. కింద పట్టా పరుచుకోండి, ఫుల్ చేతుల చొక్కా వేసుకోండి, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు ఉతికేయండి. వారం పది రోజుల్లో జ్వరమొచ్చి, ఒంటి మీద సిగరెట్ కాలినట్టు నల్లటి మచ్చ కనిపిస్తే గడ్డిలో తిరిగామని డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. మందు ఉన్న జబ్బే, ఆలస్యమైతేనే ప్రమాదం.

కందిరీగల గూడు దగ్గర మన ఊపిరి తగిలినా అవి రేగుతాయి. దూరం నుంచే తీయండి. లేచాయా, చేతులు ఊపకుండా పరుగెత్తడమే. ఉరిమితే ట్రైపాడ్ మడిచి వచ్చేయండి.

ఇంకొకటి. ఓసారి తూనీగల జంట వెంట పడి, కెమెరాలోంచి కన్ను తీయకుండా వెనక్కి అడుగేశాను. రైతు కేకేయకపోతే గట్టులేని నేలబావిలో పడేవాణ్ణి. అప్పట్నుంచి చేలోకి దిగేముందు రెండే అడుగుతున్నాను: బావి ఎక్కడుంది, మందు ఎప్పుడు కొట్టారు? నిన్ననే కొట్టామంటే వెనక్కి తిరగడమే, అక్కడ తీయడానికి పురుగులూ ఉండవు.