లేని దేశానికి జెండా: యుద్ధపిచ్చి మీద లినోకట్ సెటైర్

లినో అనే మెత్తటి షీటు మీద బొమ్మ చెక్కి, ఇంక్ రాసి కాగితం మీద అచ్చు వేసేదే లినోకట్, దాంతో యుద్ధపిచ్చిని వెక్కిరించే జెండా ఒకటి చేద్దాం. ఫస్ట్ మాట, ఉన్న దేశం జెండా జోలికి పోవద్దు. మన దగ్గర 1971 చట్టం ఉంది, జాతీయ జెండాని అవమానించారని కేసు పడితే ప్రింటు పక్కనపెట్టి లాయర్ చుట్టూ తిరగాలి. పైగా దేశాన్ని మనమే పుట్టిస్తే ఇది ఎవరి గురించా అని చూసేవాళ్ళే బుర్ర గోక్కుంటారు, సగం మజా అందులోనే.

డిజైన్ దగ్గర చాలామంది తొందరపడి పుర్రెలు, బాంబులు, రక్తం చుక్కలు అన్నీ కుక్కేస్తారు, అప్పుడది జెండాలా ఉండదు. దూరం నుంచి అసలు జెండా అనిపించాలి, దగ్గరకొచ్చాకే తేడా తెలియాలి. 1967లో వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ అమెరికా ఆర్టిస్టులు, రైటర్లు కలిసి తెచ్చిన ప్రింట్ల సెట్‌లో విలియం కోప్లీ చేసిందిదే, అమెరికా జెండాలో నక్షత్రాలు పీకేసి అక్కడ ‘థింక్’ (ఆలోచించు) అని పెట్టాడు, అంతే! మీరు 3:2 కొలతలో మూడు పట్టీలు గీసి, మధ్యలో ముద్ర ఉండాల్సిన చోట సైనికుడి హెల్మెట్ వెల్లకిలా తిప్పి, అందులో కాస్త చిల్లర పెట్టండి. ఒక జెండాకి ఒక్క జోకే.

ట్రేసింగ్ పేపర్ మీద పెన్సిల్‌తో గీసి లినో మీద బోర్లించి రుద్దండి, లేకపోతే ప్రింట్‌లో బొమ్మ కుడిఎడమలు తిరగబడుతుంది. లినో గట్టిగా ఉంటే కాసేపు ఎండలో పెడితే మెత్తబడుతుంది. చెక్కే కట్టర్ ఎటు పోతోందో అటు రెండో చెయ్యి పెట్టొద్దు, జారిందంటే నేరుగా వేళ్ళలోకే.

మూడు రంగులకి మూడు బ్లాకులు (విడివిడిగా చెక్కిన లినోలు) అక్కర్లేదు, పట్టీల గీత వెంబడే లినోని కత్తితో ముక్కలు చేసి, దేనికది ఇంక్ రాసి మళ్ళీ పక్కపక్కన పేర్చేస్తే ఒకే దెబ్బకి అయిపోతుంది. ముక్కలు కదలకుండా మూలన ఎల్ ఆకారంలో అట్ట అతికించండి. గాజు పలక మీద రోలర్ తిప్పేటప్పుడు చెవి పెట్టి వినండి, సన్నగా బుస్సుమంటుంటే ఇంక్ సరిపోయినట్టు, పచపచమంటే ఎక్కువైనట్టు, అలాగే వేస్తే సన్న గీతలన్నీ పూడుకుపోతాయి. వాటర్ ఇంక్ మన ఎండలకి పలక మీదే ఆరిపోతుంది, ఆయిల్ ఇంకే బెటర్.

ప్రెస్ లేకపోతే పల్చటి కాగితం వేసి స్టీల్ గరిటె వెనకవైపుతో రుద్దండి, పూర్తిగా లేపే ముందు ఒక మూల ఎత్తి చూసుకోండి, తక్కువైతే ఇంకాస్త రుద్దొచ్చు. ఆరాక కింద పెన్సిల్‌తో ఎడమవైపు అది ఎన్నో కాపీయో ఆ నంబర్, కుడివైపు సంతకం, మధ్యలో పేరు. పేరులో మాత్రం నవ్వించే పని పెట్టుకోవద్దు, ‘మహాశాంతి గణతంత్రం, అధికారిక పతాకం’ అని గవర్నమెంట్ జీవోలా పొడిగా రాసెయ్యండి.