ట్రైక్ వెనక టైర్లలో గాలి ఎంతుండాలో సుద్దముక్క చెబుతుంది

మోటార్‌సైకిల్‌ని ట్రైక్‌గా, అంటే మూడు చక్రాల బండిగా మార్చి వెనక కారు టైర్లు వేశాక చాలామంది కారుకు కొట్టించినంత గాలే కొట్టిస్తారు. బండి తేలిక కాబట్టి టైరు మధ్యలోనే నేలకు ఆనుతుంది. గతుకుల్లో ఎగురుతుంది, నడిమి భాగం ముందే అరిగిపోతుంది.

టైర్లు చల్లగా ఉన్నప్పుడు, మామూలుగా మోసే బరువు ఎక్కించి, వెనక రెండింటి మీద ఈ అంచు నుంచి ఆ అంచుదాకా సుద్దతో మందంగా అడ్డగీత గీయండి. చదునైన పొడి నేల మీద నాలుగైదు మీటర్లు తిన్నగా నడపండి. గీత మధ్యలోనే చెరిగితే 2 పీఎస్‌ఐ తగ్గించి మళ్లీ గీసి చూడండి, రెండు అంచులే చెరిగితే అంతే పెంచండి. వెడల్పంతా ఒకేలా చెరిగితే చాలు.

ట్రైక్‌గా మార్చే కిట్ తయారీదారు చెప్పిన కనీస గాలికన్నా మాత్రం తగ్గించొద్దు. ఒక్క అంచే చెరుగుతుంటే గాలితో సరిపెట్టలేం, చక్రాల అలైన్‌మెంట్ చూపించాలి.