ఆదివారం రైతుల జొన్న చేను: పురుగు ఏదో పట్టుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో ఉంటూ చేవెళ్ల, శంకర్‌పల్లి, జహీరాబాద్ వైపు రెండు మూడెకరాల్లో జొన్న, సజ్జ, కొర్ర వేసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. వీళ్లందరి ఇబ్బందీ ఒకటే. చేను చూసేది ఆదివారం, పురుగేమో వారం ఆగదు. ఎండిన మొక్క ఫొటో వాట్సాప్‌లో పెట్టి "ఏం మందు కొట్టాలి?" అని అడుగుతారు. ఫొటో చూసి మందు పేరు చెప్పేసేవాళ్లను నమ్మకండి. ముందు అడగాల్సింది పైరు వయసు. విత్తి ఎన్ని రోజులైందో తెలిస్తే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

మొవ్వు ఎండింది, లాగితే చేతికొచ్చింది

పైరుకు ఇంకా నెల నిండలేదంటే ముందు మొవ్వు చంపు ఈగనే అనుమానించాలి. పక్క ఆకులు పచ్చగానే ఉంటాయి, నడిమి మొవ్వు ఒక్కటే ఎండుతుంది. రెండు వేళ్లతో పట్టి లాగితే సులువుగా ఊడి వస్తుంది. దాని అడుగు కొస కుళ్లి, మెత్తబడి, వాసన కొడుతుంది. మొక్క మొదలును గోటితో చీల్చి చూడండి. కాళ్లు లేని చిన్న పిల్లపురుగు దొరికితే ఇక అనుమానం లేదు.

ఈ ఈగ ఇంటి ఈగ కంటే చిన్నది, బూడిద రంగులో ఉంటుంది. ఆకు అడుగున, ఈనె వెంబడి, బియ్యపు నూకలాంటి తెల్లటి గుడ్లు ఒక్కొక్కటిగా పెడుతుంది. రెండు మూడు రోజుల్లో గుడ్డు పగిలి, పిల్లపురుగు మొవ్వులోకి దిగి ఎదిగే కొసను కోసేస్తుంది. ఈ ఆదివారం ఆకు తిప్పి చూడకపోతే వచ్చే ఆదివారానికి ఎండిన మొవ్వే కనిపిస్తుంది. అప్పుడు ఏ మందు కొట్టినా ఆ మొక్క మొవ్వు తిరిగి రాదు. మందుల షాపులో మూడు డబ్బాలు కలిపి ఇస్తే డబ్బులు దండగ.

కాబట్టి దీనికి పరిష్కారం విత్తనం దగ్గరే ఉంది. వానాకాలం జొన్నను తొలకరి పడ్డ వారం పది రోజుల్లో వేసేయాలి. పక్క చేలల్లో ముందుగా వేసిన పైరు మీద ఈగ ఒక తరం పెరగడానికి మూడు వారాలు చాలు, ఆ గుంపంతా ఆలస్యంగా మొలిచిన లేత పైరు మీద పడుతుంది. జూలై సగం దాటాక వేసిన చేను ఎక్కువగా దెబ్బతినేది అందుకే. తప్పక ఆలస్యమైతే థయోమిథాక్సామ్ లేదా ఇమిడాక్లోప్రిడ్‌తో విత్తన శుద్ధి చేయండి. మోతాదు ప్యాకెట్ మీద జొన్నకు రాసినంతే. విత్తనం కాస్త ఎక్కువ వేసి, తర్వాత మొవ్వు చచ్చిన మొక్కలను పీకి చేను బయట పారేయండి. కొర్ర, సామకు కూడా ఈ జాతి ఈగలే వస్తాయి, వాటికీ తొందరగా విత్తడమే మేలు.

ఒక హెచ్చరిక: మొవ్వు చచ్చాక మొక్క మొదలు దగ్గర లేత పిలకలు వస్తాయి. పచ్చగా ఉన్నాయి కదా అని పశువులను వదలకండి. లేత జొన్నలో నాము అనే విషం ఉంటుంది, అది తగిలితే పశువు గంటల్లో చచ్చిపోవచ్చు.

ఆకుల మీద వరుసగా సూది బెజ్జాలు

ఇది కాండం తొలుచు పురుగు. చుట్టుకుని ఉన్న ఆకును అది తొలుస్తుంది కాబట్టి ఆకు విచ్చుకున్నాక బెజ్జాలు అడ్డంగా ఒకే వరుసలో కనిపిస్తాయి. దీనివల్లా మొవ్వు చస్తుంది, కానీ లోపల దొరికేది ముదురు గోధుమ రంగు తల, ఒంటి మీద చుక్కలు ఉన్న పురుగు. కాండాన్ని చీలిస్తే ఎర్రటి సొరంగాలు ఉంటాయి. పురుగు ఒకసారి కాండంలోకి దిగితే పైన కొట్టే మందు దానికి తగలదు. బెజ్జాలు కనిపించిన తొలి రోజుల్లోనే మొవ్వులో గుళికలు వేయాలి. ఏ గుళికలకు ఇప్పుడు అనుమతి ఉందో మీ ఏఈవోను (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడిగి తెచ్చుకోండి. కోత అయ్యాక మొదళ్లు దున్నేయడం, చొప్పను కత్తిరించి మేపేయడం చాలా ముఖ్యం. ఎండు కాండంలోనే పురుగు దాక్కుని వచ్చే వానల దాకా ఉంటుంది.

సుడిలో (ఆకులు విచ్చుకునే నడిమి భాగంలో) రంపపు పొట్టులాంటి పెంట

కత్తెర పురుగు. 2018లో కర్ణాటకలో మొదట కనిపించి అదే ఏడాది తెలంగాణకూ వచ్చింది. దీనికి మొక్కజొన్న అంటే ప్రాణం, దొరక్కపోతే జొన్న, సజ్జ, రాగిని వదలదు. తల మీద తిరగేసిన వై ఆకారం, తోక దగ్గర చదరంగా నాలుగు నల్లచుక్కలు చూసి గుర్తుపట్టండి. గుడ్ల దశలో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె (1500 పీపీఎం) చాలు. పురుగు కనిపిస్తే ఎమామెక్టిన్ బెంజోయేట్ లీటరుకు 0.4 గ్రాములు, సాయంత్రం పూట, నాజిల్‌ను సుడిలోకి వంచి కొట్టాలి. పొద్దున ఎండలో పైపైన కొడితే పని చేయకపోవడం మందు తప్పు కాదు.

ఆకులు జిగురు, మీద నల్ల మసి

ఆకు అడుగున పేనుబంక ఉంటుంది, యాసంగిలో ఎక్కువ. పేనుబంకను తినే అక్షింతల పురుగులు బాగా తిరుగుతుంటే టెన్షన్ వద్దు, వాటి పని అవి చేస్తాయి. జిగురు ఆకు మీద కాకుండా కంకి నుంచి చుక్కలుగా కారుతుంటే మాత్రం అది పురుగు కాదు, శిలీంద్రం వల్ల వచ్చే బంకకారు తెగులు (ఎర్గాట్). పురుగుల మందు దండగ.

కంకి నిండుగా ఉంది, గింజ తాలు

తాలు పొట్టును రెండు వేళ్ల మధ్య నలపండి. ఎర్రటి రసం వస్తే కంకి మిడ్జ్ ఈగ పిల్లలు లోపల ఉన్నాయన్నమాట. గింజ పాలు పోసుకునే దశలో సన్నటి నల్లులు గుంపుగా ఉండి, గింజ ముడుచుకుపోతే కంకి నల్లి. రెండింటికీ అసలు మందు చుట్టుపక్కల చేలన్నీ ఒకే సమయంలో పూతకు రావడం. ఒకరు జూన్‌లో, ఒకరు ఆగస్టులో వేస్తే పురుగుకు నెలలకొద్దీ విందే. విత్తే ముందు పక్క రైతుతో మాట్లాడుకోండి.

సజ్జ కంకుల మీద నలుపు, నారింజ పట్టీల పెంకు పురుగులు పూత తింటుంటే చేత్తో ఏరకండి, వాటి రసం తగిలితే బొబ్బలు లేస్తాయి. వలతో పట్టి పారేయండి.

ఇంకా తేలకపోతే ఫొటో కాదు, మొక్కనే వేర్లతో సహా పీకి కవర్‌లో పెట్టి రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లండి. చిరుధాన్యాల పరిశోధన సంస్థ కూడా అక్కడే ఉంది. పోలేకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. విత్తిన తేదీ మాత్రం దగ్గర పెట్టుకోండి, వాళ్లు మొదట అడిగేది అదే.