ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు స్టిక్కరు: సరిహద్దు జిల్లాల మిత్రులకు ఒక కరదీపిక

ఆంధ్ర, ఒడిశా సరిహద్దు జిల్లాల్లో, బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వంటి చోట్ల తెలుగు విద్యార్థులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు కలిసి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు, అది తెలుగులోనూ ఒడియాలోనూ టైపు చేసే కీబోర్డు అయినా, రెండు భాషల నిఘంటువు అయినా, దాని పేరు నలుగురి కళ్లలో పడడానికి స్టిక్కరు చాలా చవకైన సాధనం. ల్యాప్‌టాప్ మూత మీద అంటించిన బొమ్మను చూసి పక్కన కూర్చున్నవారు "ఇదేమిటండీ?" అని అడగాలి, ఆ ప్రశ్న పుట్టించడమే దాని పని. అయితే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు స్టిక్కరుకు ఇంకొక బాధ్యత కూడా ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ప్రోగ్రాము మూలాన్ని ఎవరైనా తీసుకుని, మార్చి, తిరిగి పంచుకోగలిగినట్టే, స్టిక్కరు మూలాన్ని కూడా జయపురంలోనో ఇచ్ఛాపురంలోనో ఉన్న మరొకరు తీసుకుని, మనల్ని సంప్రదించే అవసరం లేకుండా, తమ ఊరి ప్రెస్సులో అచ్చు వేయించుకోగలగాలి. ఈ కరదీపికలో చెప్పే సలహాలన్నీ ఆ ఉద్దేశంతో చెప్పినవే.

ఏం పెట్టాలి, ఏం వదిలేయాలి

స్టిక్కరు మీద ఒక బొమ్మ, ఒక పేరు, ఒక వెబ్ చిరునామా ఉంటే సరిపోతుంది. ప్రాజెక్టు ప్రయోజనాలన్నీ వరసగా రాయాలన్న కోరిక ఎవరికైనా కలుగుతుంది గాని, 50 మిల్లీమీటర్ల వెడల్పులో నాలుగు వరుసల వాక్యాలు ఇమిడిస్తే వాటిలో ఒక్కటీ చదవడానికి వీలుండదు. బొమ్మను ముందు నలుపు తెలుపుల్లో మాత్రమే గీసి, దాన్ని చేతివేలి గోరంత పరిమాణానికి తగ్గించి చూడండి. అప్పటికీ గుర్తుపట్టగలిగితేనే అది నిలబడే బొమ్మ. రంగుల మీద ఆధారపడి అందంగా కనిపించే బొమ్మలు ఈ పరీక్షలో తరచుగా చెదిరిపోతాయి, ఆ విషయం అచ్చుకు ముందే తెలియడం మేలు.

బొమ్మను వెక్టర్ రూపంలోనే, అంటే ఎంత పెంచినా తగ్గించినా చెదరని గీతలుగానే, గీయాలి. అందుకు ఇంక్‌స్కేప్ చక్కగా సరిపోతుంది. 2003లో సోడిపోడి అనే ప్రోగ్రాము నుంచి విడిపోయి మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ ఎస్‌వీజీ అనే బహిరంగ ప్రమాణంలో ఫైలును భద్రపరుస్తుంది కనుక, ఈ రోజు గీసినదాన్ని రేపు ఎవరైనా, ఏ డబ్బూ కట్టకుండా, తెరిచి దిద్దగలరు. చేత్తో గీసిన బొమ్మనో ఫోటోనో వాడక తప్పనప్పుడు అచ్చయ్యే పరిమాణంలో అంగుళానికి 300 చుక్కలు ఉండేటట్టు చూసుకోవాలి. ఫోన్లో ఒకరి నుంచి ఒకరికి పంపుకున్న చిత్రం అప్పటికే కుదించుకుపోయి ఉంటుంది కాబట్టి అసలు ఫైలునే తెప్పించుకోండి.

హక్కుల సంగతి

ప్రోగ్రాము స్వేచ్ఛగా పంచుకోదగినదైనంత మాత్రాన దాని లోగో కూడా అలాంటిదే అనుకోకూడదు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ గుర్తుగా అందరూ ఎరిగిన పెంగ్విన్‌ను 1996లో లారీ ఎవింగ్ గింప్ అనే చిత్రాల ప్రోగ్రాముతో గీశారు. తన పేరునూ గింప్‌నూ పేర్కొంటే చాలు, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని ఆయన అనుమతి ఇచ్చారు. దీనికి భిన్నంగా ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు మూలం స్వేచ్ఛగా లభించినా, దాని పేరు వ్యాపార చిహ్నం; అప్పట్లో లోగో కూడా స్వేచ్ఛా లైసెన్సులో లేదు. ఆ కారణంగానే లైనక్స్‌ను ఇతర ప్రోగ్రాములతో కలిపి పంచే డెబియన్ వారు 2006లో తమ పంపిణీలో దాని పేరును ఐస్‌వీజిల్ అని మార్చవలసి వచ్చింది, 2016లో గాని పాత పేరు తిరిగి రాలేదు. అందువల్ల మీ స్టిక్కరులో మరొక ప్రాజెక్టు గుర్తును చేర్చదలిస్తే, ముందు ఆ ప్రాజెక్టు వారి వ్యాపార చిహ్నాల నియమాలు చదవండి. మీ సొంత బొమ్మకు క్రియేటివ్ కామన్స్ ఆపాదన, సమాన పంపిణీ లైసెన్సు 4.0 వంటిది ఎంచుకుని, ఆ సంగతిని ఫైలులోనే రాసి పెట్టండి. గీసినవారి పేరు కూడా అక్కడ తప్పక ఉండాలి, ప్రోగ్రాము రాసినవారికి ఇచ్చే గౌరవం బొమ్మ గీసినవారికీ దక్కాలి.

రెండు లిపులతో పని

మన జిల్లాల్లో ఒక స్టిక్కరు తెలుగువారి చేతిలోనూ ఒడియావారి చేతిలోనూ పడుతుంది. పేరును రెండు లిపుల్లోనూ వేయడం ఇక్కడ మర్యాద కూడా, అవసరం కూడా. అసలైన కష్టం కూడా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

తెలుగు అక్షరానికి పైన గుడి, ఏత్వం వంటివి, కింద వత్తులు ఉంటాయి. "స్త్రీ", "శాస్త్రం" వంటి మాటల్లో వత్తు మీద వత్తు పడి, అక్షరం కిందికి చాలా దూరం దిగుతుంది. ఇంగ్లీషు అక్షరాల కొలతతో వరుసల మధ్య ఖాళీ వదిలితే పై వరుస వత్తులు కింది వరుస తలకట్లను తాకుతాయి. ఒడియా అక్షరాల ఇబ్బంది వేరు: చాలా అక్షరాలకు పైన ఒకే రకమైన గుండ్రని వంపు ఉండి, ఒకదాన్ని మరొకదాని నుంచి వేరుచేసే గీత లోపలో, కిందో చిన్నగా ఉంటుంది. పరిమాణం తగ్గించినప్పుడు ముందుగా పూడిపోయేది ఆ చిన్న గీతే. తెలుగులో కూడా "థ", "ధ"ల మధ్య ఉన్న తేడా లోపలి చుక్క ఒక్కటే కాబట్టి, మరీ లావైన ఫాంటు తీసుకుంటే ఆ చుక్క సిరాలో కలిసిపోతుంది. నా సలహా ఏమిటంటే, మధ్యస్థమైన లావు ఉన్న ఫాంటును ఎంచుకుని, తలకట్టూ వత్తూ లెక్కలోకి తీసుకోకుండా అక్షరం ఒంటి ఎత్తు కనీసం 3 మిల్లీమీటర్లు ఉంచాలి, ఏ గీతా పావు మిల్లీమీటరుకన్నా సన్నగా ఉండకూడదు.

రెండు లిపులూ పక్కపక్కన ఉన్నప్పుడు ఒకటి బలంగా, మరొకటి బలహీనంగా కనిపించకూడదు. అందుకు ఒకే కుటుంబంలో రెండు లిపులకూ గీసిన ఫాంట్లు తీసుకోవడం మంచి మార్గం. ఎక్ టైప్ సంస్థ రూపొందించిన బాలూ కుటుంబంలో తెలుగుకు బాలూ తమ్ముడు, ఒడియాకు బాలూ భాయినా ఉన్నాయి. అదే సంస్థ చేసిన అనేక్ కుటుంబంలోనూ రెండు లిపులకూ ఫాంట్లు ఉన్నాయి. ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సులో లభిస్తాయి గనుక ఫాంటు ఫైలును కూడా లైసెన్సు ప్రతితో పాటు మీ ఫోల్డరులో ఉంచి పంచవచ్చు. తెలుగు ఒక్కటే చాలనుకుంటే రామభద్ర, మల్లన్న, మండలి వంటివి అదే లైసెన్సులో ఉన్నాయి. గజపతి, రాయగడ జిల్లాల్లో సవర గిరిజన పిల్లల కోసం ప్రాజెక్టు నడిపేవారు మూడో లిపిని కూడా ఆలోచించాలి: 1936లో మంగేయి గొమాంగో సవర భాషకు రూపొందించిన సోరంగ్ సోంపెంగ్ లిపి 2012లో యూనికోడులో, అంటే అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటరు సంకేతాలిచ్చే ప్రమాణంలో, చేరింది, దానికి నోటో అనే ఫాంట్ల కుటుంబంలో ఫాంటు ఉంది. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ ఏ భాష కోసం శ్రమించారో ఆ భాషను దాని సొంత లిపిలో ఒక స్టిక్కరు మీద చూడాలని నాకు ఎంతో కోరికగా ఉంది.

ఇక ప్రెస్సు దగ్గర వచ్చే చిక్కు. ఒడిశా ప్రెస్సుల్లో యూనికోడుకు ముందటి "ఆకృతి" ఫాంట్లు, తెలుగు పనికి "అను" ఫాంట్లు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. మీరు పంపిన యూనికోడు పాఠాన్ని అక్కడి కంప్యూటరులో తెరిస్తే వత్తులు విడిపోయి పక్కకు జరగడం, దీర్ఘాలు స్థానం తప్పడం, లేదా అక్షరాలకు బదులు ఖాళీ గళ్లు కనిపించడం జరగవచ్చు. కంప్యూటరు ముందు కూర్చున్న వ్యక్తికి తెలుగు రాకపోతే ఆ తప్పు వారి కంటికి ఆనదు, మీ కంటికి ఆనే సరికి అచ్చయిపోయి ఉంటుంది. దీనికి విరుగుడు సులభం. ఇంక్‌స్కేప్‌లో పాఠాన్ని ఎంచుకుని పాత్ మెనూలోని "ఆబ్జెక్ట్ టు పాత్" నొక్కితే, అంటే కంట్రోల్, షిఫ్ట్, సి మూడూ కలిపి నొక్కితే, అక్షరాలు బొమ్మలుగా మారిపోతాయి. ఆ తర్వాత ఏ కంప్యూటరులో తెరిచినా వాటి రూపు మారదు. అయితే ఇలా మార్చిన ఫైలులో అక్షర దోషం దిద్దడం అసాధ్యం కాబట్టి, దిద్దగలిగిన ఫైలును వేరే పేరుతో తప్పకుండా ఉంచుకోండి. మార్చడానికి ముందు తెలుగు పేరును ఒక తెలుగువారి చేత, ఒడియా పేరును ఒక ఒడియావారి చేత చదివించండి.

ఆకారం, కొలత, చిరునామా

సాఫ్ట్‌వేర్ లోకంలో షడ్భుజి స్టిక్కర్లకు ఒక ప్రమాణం ఉంది: వెడల్పు 43.9, ఎత్తు 50.8 మిల్లీమీటర్లు, కోణం పైకి. ఆర్ అనే ప్రోగ్రామింగు భాషలో ప్యాకేజీలు రాసేవారు దీన్ని విరివిగా వాడతారు, వేర్వేరు ప్రాజెక్టుల స్టిక్కర్లు ల్యాప్‌టాప్ మూత మీద సందు లేకుండా ఒకదానికొకటి అమరుతాయి. కాని షడ్భుజిలో పైనా కిందా ఇరుకు, కాబట్టి రెండు లిపుల్లో పొడుగాటి పేరు ఉన్నవారికి గుండ్రటి మూలల దీర్ఘచతురస్రమే అనువుగా ఉంటుంది.

కొలత నిర్ణయించే ముందు షీటు లెక్క చూసుకోండి. డిజిటల్ ప్రెస్సుల్లో సాధారణంగా దొరికే 12×18 అంగుళాల షీటు అంటే దాదాపు 305×457 మిల్లీమీటర్లు. చుట్టూ 5 మిల్లీమీటర్లు వదిలి, ఒక్కొక్క స్టిక్కరుకు నలువైపులా 2 మిల్లీమీటర్ల అదనపు అంచు ఇస్తే, 50 మిల్లీమీటర్ల చతురస్రాలు 40 పడతాయి. అదే 60 మిల్లీమీటర్లయితే 24 మాత్రమే. షీటుకు లెక్కగట్టి డబ్బు తీసుకునేచోట ఆ 10 మిల్లీమీటర్ల తేడా ఖర్చును బాగా పెంచుతుంది. అదనపు అంచు వదలడం మాత్రం మానకండి. కత్తి కాస్త జరిగినప్పుడు తెల్లటి చార కనబడకుండా కాపాడేది అదే, కనుక నేపథ్యపు రంగు అక్కడిదాకా సాగాలి. అక్షరాలు మాత్రం కోత గీతకు 3 మిల్లీమీటర్లు లోపలే ఆగాలి.

చిరునామా చిన్నదిగా, ప్రాజెక్టు సొంతమైనదిగా ఉండాలి. పొడుగు చిరునామాను చిన్నది చేసి ఇచ్చే, మరొకరు నడిపే కుదింపు సేవ రేపు ఆగిపోతే అచ్చయిన స్టిక్కర్లన్నీ వృథా. క్యూఆర్ కోడ్ పెట్టేవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి: చిరునామా పొడుగయ్యేకొద్దీ గళ్లు పెరిగి చిన్నవవుతాయి. కోడ్ కొంత చెరిగినా చదవగలిగేలా చేసే దోష సవరణను మధ్యస్థంగా ఉంచితే 26 అక్షరాల చిరునామా 25×25 గళ్లలో ఇముడుతుంది. చిరునామాలో తెలుగు మాట ఉంటే అందులోని ప్రతి యూనికోడు సంకేతం (హల్లు ఒకటి, గుణింతపు గుర్తు ఒకటి) తొమ్మిది ఇంగ్లీషు అక్షరాలుగా మారుతుంది. "తెలుగు" అనే ఒక్క మాటే 54 అక్షరాలై, కోడ్‌ను 33×33 గళ్లకు పెంచుతుంది. అందుకే కోడ్‌లో ఇంగ్లీషు చిరునామానే వాడి, తెలుగును పక్కన చదవడానికి ఉంచండి. కోడ్ చుట్టూ నాలుగు గళ్ల ఖాళీ వదలాలి, ఆ ఖాళీతో కలిపి 20 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, లేత నేపథ్యం మీద ముదురు రంగులోనే వేయాలి. ఇంక్‌స్కేప్ పొడిగింపుల మెనూలోనే ఈ కోడ్ తయారుచేసే సౌకర్యం ఉంది.

రంగు, పదార్థం, నమూనా

తెర మీద మెరిసే ఆకుపచ్చ, నీలం రంగులు కాగితం మీద మసకబారతాయి, ఎందుకంటే తెర కాంతితోనూ ప్రెస్సు నాలుగు సిరాలతోనూ రంగు పుట్టిస్తాయి. స్క్రైబస్ అనే పేజీ కూర్పు ప్రోగ్రాములో ఎస్‌వీజీని దిగుమతి చేసుకుని సీఎంవైకే రంగులతో, అంటే ఆ నాలుగు సిరాల లెక్కతో, పీడీఎఫ్ తీస్తే తేడా కొంత ముందే అదుపులోకి వస్తుంది. చిన్న అక్షరాల నలుపును నల్ల సిరా ఒక్కదానితోనే వేయించండి. నాలుగు సిరాలు కలిస్తే అంచులు చెదురుతాయి.

గోపాలపురం తీరానికి దగ్గరగా ఉన్న బరంపురం వంటి చోట గాలిలో తేమ ఎక్కువ, కాగితపు స్టిక్కరు వానాకాలంలో అంచుల నుంచి లేస్తుంది. కొంచెం ఖర్చయినా వినైల్ మీద లామినేషన్‌తో వేయించడమే మంచిది. షీటు చెక్కుచెదరకుండా పై పొర మాత్రమే కోయమని, అంటే హాఫ్ కట్ అని, ముందే చెప్పండి. పంచిపెట్టేటప్పుడు విడివిడి ముక్కలే కావాలంటే ఆ మాటా చెప్పాలి. సెప్టెంబరులో జరుపుకునే సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛా దినానికి కావాలనుకునేవారు ఆగస్టులోనే పని అప్పగించాలి, కార్యక్రమం పెళ్లిళ్ల రోజుల్లో అయితే ఇంకా ముందుగా వెళ్లాలి, అప్పుడు ప్రెస్సులన్నీ శుభలేఖలతో తీరిక లేకుండా ఉంటాయి.

మొత్తం అచ్చుకు ముందు ఒక్క షీటు వేయించి, దాన్ని పగటి వెలుగులోనూ గది దీపం కింద కూడా చూడండి, కోడ్‌ను పాత ఫోన్‌తో చదివించండి, ఒక స్టిక్కరును నీళ్ల సీసాకు అంటించి వారం రోజులు వాడండి. అంతా సరిగ్గా ఉంటే ప్రాజెక్టు ఫైళ్లన్నీ అందరికీ అందుబాటులో ఉండే భాండాగారంలో ఒక ఫోల్డరు తెరిచి, దిద్దగలిగిన ఎస్‌వీజీ, అక్షరాలను బొమ్మలుగా మార్చిన పీడీఎఫ్, ఫాంట్లు, లైసెన్సు ప్రతులు అందులో ఉంచండి. కోత కొలత, అదనపు అంచు, పదార్థం, రంగుల విలువలు రాసిన ఒక చిన్న పత్రాన్ని తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింటిలోనూ జతచేయండి. మరో ఊరి ప్రెస్సులో ఫైలు తెరిచేవారికి దారి చూపేది ఆ పత్రమే.